అడ్మిన్ హక్కులు లేని ఆఫీసు కంప్యూటరులో పవర్‌షెల్ 7: జిప్ ప్రతిని వాడి చూశాక

ఆఫీసువారిచ్చిన ల్యాప్‌టాప్‌లో ఏ కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టబోయినా తెర మసకబారి, అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు అడిగే పెట్టె ముందుకు రావడం ఉద్యోగులందరికీ అలవాటైన దృశ్యమే. ఆ పాస్‌వర్డు మన దగ్గర ఉండదు. ఐటీ విభాగానికి టికెట్ పెడితే, దానిపై ఎవరో ఒకరు కన్నేసేసరికి మనం ఆ పనిని చేత్తోనే పూర్తిచేసి ఉంటాం. నేను ప్రోగ్రామరును కాను, లెక్కల విభాగంలో పనిచేస్తాను. ప్రతి నెలా మొదటి వారంలో శాఖల నుంచి వచ్చే నలభైకి పైగా సీఎస్‌వీ ఫైళ్లను (కామాలతో విడదీసిన పట్టికలను) ఒక్కటిగా చేర్చి, పేర్లు సరిచూసి, తేడాలున్న వరుసలను విడదీసి పై అధికారికి పంపడం నా బాధ్యత. ఆ పని కోసం, నా ఖాతాకు ఉన్న పరిమిత అనుమతులతోనే, కమాండ్లు టైపు చేసి గానీ వాటిని స్క్రిప్టు అనే ఫైలులో రాసి గానీ కంప్యూటరు చేత పనులు చేయించే పవర్‌షెల్ 7ను జిప్ ప్రతి రూపంలో పెట్టుకుని పది నెలలుగా వాడుతున్నాను. అది ఎలా ఉందో, ఎవరికి ఉపయోగమో, ఎక్కడ మొరాయిస్తుందో ఈ సమీక్షలో చెబుతాను.

విండోస్‌లో పవర్‌షెల్ ముందే ఉంటుంది కదా అని ఎవరైనా అడగవచ్చు, అడగవలసిన ప్రశ్నే. 2006లో మొదలైన విండోస్ పవర్‌షెల్ 5.1 దగ్గర ఆగిపోయింది. విండోస్ 10, 11 రెండింటిలోనూ నీలిరంగు కిటికీతో తెరుచుకునేది ఈ 5.1 మాత్రమే. కొత్త సౌకర్యాలేవీ దానికి చేరడం లేదు. 2016 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ పవర్‌షెల్‌ను ఓపెన్ సోర్స్ చేసి లినక్స్‌కూ మ్యాక్‌కూ తీసుకువెళ్లింది. ఆ కొత్త శాఖే 2020 మార్చిలో పవర్‌షెల్ 7 అనే పేరుతో వచ్చింది. ఇది పాతదాన్ని తొలగించి దాని స్థానంలో కూర్చోదు, పక్కన మరొకటిగా ఉంటుంది. పాతదాని ప్రోగ్రాము పేరు పవర్‌షెల్ అయితే కొత్తదాని పేరు పీడబ్ల్యూఎస్‌హెచ్. అందువల్ల రెండూ ఒకే యంత్రంలో తగాదా లేకుండా ఉంటాయి. ఎంఐటీ లైసెన్సు కింద ఉచితంగా లభిస్తుంది కనుక ఆఫీసు పనికి వాడడంలో లైసెన్సు చిక్కు కూడా లేదు.

మామూలు స్క్రిప్టులకు 5.1 చాలు. నన్ను కొత్తదాని వైపు నెట్టింది మాత్రం తెలుగు. మా శాఖల నుంచి వచ్చే ఫైళ్లలో ఖాతాదారుల పేర్లు తెలుగులో ఉంటాయి. వాటన్నిటినీ 5.1తో చదివి, కలిపి, ఎక్స్‌పోర్ట్-సీఎస్‌వీ కమాండుతో కొత్త ఫైలులో రాయించినప్పుడు రాము అనే పేరున్న చోట నాలుగు ప్రశ్నార్థక గుర్తులు వచ్చి కూర్చున్నాయి. కారణం తెలిశాక ఆశ్చర్యం పోయింది కానీ చిరాకు పోలేదు. ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి, ఏదని మనం చెప్పకపోతే 5.1లోని ఆ కమాండు ఆస్కీ అనే పాత ఇంగ్లీషు పద్ధతిలోనే రాస్తుంది, అందులో తెలుగుకు చోటు లేదు. ర, దీర్ఘం, మ, కొమ్ము అని రాములో నాలుగు సంకేతాలున్నాయి కనుక నాలుగు ప్రశ్నార్థకాలు వచ్చాయి. ఇలా పోయిన పేరు తిరిగి రాదు.

ఇదే 5.1లో మరో రకం చెరుపు కూడా ఉంది. నోట్‌ప్యాడ్‌లో తెలుగు మాటలున్న స్క్రిప్టు రాసి దాచుకున్నాననుకుందాం. విండోస్ 10లో 2019 నాటి 1903 వెర్షన్ నుంచి నోట్‌ప్యాడ్ ఫైళ్లను మామూలుగా, అన్ని భాషలకూ చోటున్న యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో, బామ్ లేకుండానే దాస్తుంది. బామ్ అంటే ఫైలు మొదట ఉండే, ఇది ఏ ఎన్‌కోడింగో చెప్పే చిన్న గుర్తు. అది కనిపించకపోతే 5.1 ఆ స్క్రిప్టును పాత ఏఎన్‌ఎస్‌ఐ పద్ధతిలో చదువుతుంది. అప్పుడు ప్రతి తెలుగు అక్షరం బదులూ నెత్తిన గీత ఉన్న రోమన్ ఏ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, ఆ వెనుక మరేదో పిచ్చిగీత కనిపిస్తాయి. ఇటువంటి చెత్తను చూసి మూలఫైలు పాడైందని కంగారు పడనక్కరలేదు. బైట్లు అలాగే ఉన్నాయి, చదివేవాడే తప్పు చదివాడు. ప్రశ్నార్థకాలు కనిపిస్తేనే కంగారు పడాలి.

పవర్‌షెల్ 7లో ఈ రెండు బాధలూ లేవు. చదవడానికైనా రాయడానికైనా అది మొదటి నుంచీ బామ్ లేని యూటీఎఫ్-8నే అనుకుంటుంది. ఒక్క చోట మాత్రం మనమే జాగ్రత్తపడాలి. బామ్ లేని సీఎస్‌వీని నేరుగా రెండు నొక్కులతో ఎక్సెల్‌లో తెరిస్తే, మళ్లీ ఆ డిగ్రీ గుర్తుల గందరగోళమే ఎదురుకావచ్చు. పై అధికారి ఆ ఫైలును ఎక్సెల్‌లో తప్ప మరెందులోనూ తెరవరు కనుక, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్8బామ్ అని చెప్పడం నేర్చుకున్నాను. ఈ ఒక్క మాటతో నా నెలసరి ఫోన్లలో సగం తగ్గాయి.

ఇక పెట్టుకునే విధానం. పవర్‌షెల్ 7 ఎంఎస్‌ఐ అనే ఇన్‌స్టాలరు రూపంలోనూ, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనూ, జిప్‌గానూ దొరుకుతుంది. ఎంఎస్‌ఐ ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరులోకి వెళ్తుంది కనుక అడ్మిన్ హక్కు అడుగుతుంది. స్టోర్ ప్రతికి ఆ హక్కు అక్కరలేదు కానీ చాలా ఆఫీసుల్లో స్టోర్‌నే మూసి ఉంచుతారు, మా దగ్గరా అంతే. మిగిలింది జిప్. గిట్‌హబ్‌లోని అధికారిక విడుదలల పేజీలో 64 బిట్ విండోస్ కోసం ఉన్న జిప్ సుమారు 100 మెగాబైట్లు ఉంటుంది. పవర్‌షెల్ నడవడానికి ఆధారమైన డాట్‌నెట్ కూడా అందులోనే ఉంటుంది కనుక యంత్రంలో వేరే ఏదీ పెట్టనక్కరలేదు. ఫోల్డరులోకి విప్పి, లోపలి పీడబ్ల్యూఎస్‌హెచ్‌ను నొక్కితే చాలు, ఇన్‌స్టలేషన్ అనే తతంగమే ఉండదు.

అయితే అంతకు ముందు చేయవలసిన పని ఒకటి ఉంది, దాన్ని ఎవరూ దాటవేయకూడదు. ఐటీ విభాగానికి ఒక ఈమెయిల్ రాసి, ఏ ప్రోగ్రాము, ఎక్కడి నుంచి, ఏ పనికి అన్నది చెప్పి, సరేనన్న జవాబును దాచుకోవాలి. అడ్మిన్ హక్కు అడగకుండా నడిచే ప్రోగ్రాము వేరు, ఆఫీసు అనుమతించిన ప్రోగ్రాము వేరు. ఈ రెండూ ఒకటేనని భ్రమపడి ఇబ్బందిలో పడ్డవారిని చూశాను. భద్రతా విభాగాల దృష్టిలో పవర్‌షెల్ అంటే దాడిచేసేవారు కూడా ఇష్టపడే పనిముట్టు. మీ యూజరు ఫోల్డరులో హఠాత్తుగా అది కదిలితే వారికి హెచ్చరిక వెళ్లడం సహజం. మా ఐటీ అధికారి రెండు రోజుల్లో ఒప్పుకున్నారు. ఒక్క షరతు పెట్టారు, డౌన్‌లోడ్ చేసిన ఫైలు హ్యాష్‌ను, అంటే ఫైలులోని బైట్ల నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్యను, విడుదల పేజీలో ఇచ్చిన హ్యాష్‌తో పోల్చి చూసి ఆ సంగతి తెలియజేయమన్నారు. పాత 5.1లోనే ఉన్న గెట్-ఫైల్‌హ్యాష్ కమాండుతో ఆ పని అర నిమిషంలో అయింది. అడక్కపోయినా చేయదగిన పనే అది.

తొలి ప్రయత్నంలో నేను చేసిన పొరపాటు చెప్పాలి. ఇంటర్నెట్ నుంచి దించిన ప్రతి ఫైలుకూ విండోస్ కనిపించని ముద్ర ఒకటి వేస్తుంది. ముద్ర ఉన్న జిప్‌ను ఎక్స్‌ప్లోరరులో విప్పితే, లోపలి వందల ఫైళ్లకూ ఆ ముద్ర అంటుకుంటుంది. నేను తొందరపడి విప్పేశాను, ఆ తరువాత అడుగడుగునా హెచ్చరికలే. ఫోల్డరును తొలగించి, జిప్ ప్రాపర్టీస్‌లో అడుగున ఉండే అన్‌బ్లాక్ గడిలో టిక్ పెట్టి, మళ్లీ విప్పాను. అన్‌బ్లాక్-ఫైల్ అనే కమాండు కూడా ఇదే పని చేస్తుంది. హ్యాష్ సరిచూసుకున్న తరువాతే ముద్ర తీయాలని వేరే చెప్పనక్కరలేదు.

విప్పిన ఫోల్డరును ఎక్కడ ఉంచాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లను చాలా సంస్థలు వన్‌డ్రైవ్‌కు కలిపివేస్తాయి. అక్కడ పెడితే వందల ఫైళ్లూ క్లౌడ్‌కు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. యూజరు ఖాతాలోని లోకల్ యాప్‌డేటా కింద ప్రోగ్రామ్స్ అనే ఫోల్డరు ఇందుకు తగిన చోటు. తరువాత ఆ దారిని, పేరు టైపు చేస్తే ప్రోగ్రామును ఎక్కడెక్కడ వెతకాలో విండోస్‌కు చెప్పే పాత్ వేరియబుల్‌లో చేర్చాలి. స్టార్ట్ మెనూలో ఎన్విరాన్‌మెంట్ అని వెతికితే, సిస్టమ్‌కు సంబంధించినది ఒకటి, మీ ఖాతాకు మాత్రమే సంబంధించినది మరొకటి వస్తాయి. రెండవదానికి అడ్మిన్ హక్కు అక్కరలేదు. సెట్‌ఎక్స్ కమాండుతో ఒక్క వరుసలో చేసేయవచ్చని సలహాలిచ్చేవారి మాట వినవద్దు. ఆ కమాండు 1024 అక్షరాలు దాటిన విలువను నిర్దాక్షిణ్యంగా కత్తిరిస్తుంది. ఆఫీసు కంప్యూటర్లలో పాత్ ఆ హద్దు దాటడం వింతేమీ కాదు.

స్క్రిప్టులు నడవడానికి ఎగ్జిక్యూషన్ పాలసీ అనే మరో గడప ఉంది. విండోస్ 10, 11 యంత్రాల్లో 5.1కు అది మామూలుగా రిస్ట్రిక్టెడ్‌గా ఉంటుంది, అంటే కమాండ్లు ఒక్కొక్కటిగా నడుస్తాయి కానీ స్క్రిప్టు ఫైళ్లు నడవవు. కరెంట్‌యూజర్ స్కోపులో, అంటే మన ఖాతా వరకే వర్తించేలా, రిమోట్‌సైన్డ్ అని పెట్టుకోవడానికి అడ్మిన్ హక్కు అవసరం లేదు. అప్పుడు మనం రాసుకున్న స్క్రిప్టులు నడుస్తాయి, ఇంటర్నెట్ ముద్ర ఉన్నవాటికి మాత్రం డిజిటల్ సంతకం ఉండాలి. అయితే ఆఫీసువారు యంత్రాలన్నిటికీ కలిపి అమర్చే గ్రూప్ పాలసీ ద్వారా ఈ విలువను బిగించి ఉంటే మన మాట చెల్లదు. ఐదు స్కోపులలో పై రెండూ గ్రూప్ పాలసీవే. గెట్-ఎగ్జిక్యూషన్‌పాలసీని లిస్ట్ అన్న సూచనతో నడిపితే ఏది ఎవరి చేతిలో ఉందో వరుసగా కనిపిస్తుంది.

వీటన్నిటి కన్నా పెద్ద గోడ, ఏ ప్రోగ్రాములు నడవవచ్చో నిర్ణయించే యాప్‌లాకర్, లేదా దానికి తరువాత వచ్చిన యాప్ కంట్రోల్. యాప్‌లాకర్ మామూలు నియమాల ప్రకారం సాధారణ ఉద్యోగి విండోస్ ఫోల్డరులోనివి, ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనివి మాత్రమే నడపగలడు. యూజరు ఫోల్డరులో పెట్టిన పీడబ్ల్యూఎస్‌హెచ్ అక్కడ తెరుచుకోనే తెరుచుకోదు. తెరుచుకోవడానికి మినహాయింపు ఇచ్చినా, స్క్రిప్టు నియమాలు అమలులో ఉంటే పవర్‌షెల్ కన్‌స్ట్రెయిన్డ్ లాంగ్వేజ్ అనే కుదించిన స్థితిలోకి వెళ్లి, డాట్‌నెట్ పిలుపులలో చాలావాటిని కాదంటుంది. అటువంటి ఆఫీసులో ఉన్నవారికి నా సలహా ఒక్కటే. పక్కదారులు వెతకకుండా, ఎంఎస్‌ఐని ఐటీ వారి చేతనే పెట్టించుకోండి. మా ఆఫీసులో ఈ గోడ లేదు కనుక నా అనుభవం సాఫీగా సాగింది. జిప్‌కు నేనిస్తున్న మంచి మార్కులలో కొంత భాగం ఆ వెసులుబాటుకు చెందుతుందని ఒప్పుకుంటాను.

వాడకంలో నాకు ఎక్కువగా నచ్చినది, జిప్ ప్రతిలో ప్రోగ్రాము ఫోల్డరు కూడా మన చేతిలోనే ఉండడం. ఎంఎస్‌ఐ పెట్టినవారు అక్కడి కాన్ఫిగరేషన్ ఫైలును ముట్టుకోవాలంటే మళ్లీ అడ్మిన్ కావాలి, మనకు ఆ బాధ లేదు. అదనపు కమాండ్ల కట్టలైన మాడ్యూళ్లు తెచ్చుకోవడం కూడా సులువే. 7లో ఇన్‌స్టాల్-మాడ్యూల్ మామూలుగా ప్రస్తుత యూజరు ఖాతాకే పెడుతుంది. ఎక్సెల్ ఫైళ్లను ఎక్సెల్ తెరవకుండానే చదివి రాసే ఇంపోర్ట్‌ఎక్సెల్ మాడ్యూల్ నా పనికి వరం లాంటిది. చిక్కంతా ఆ మాడ్యూళ్లు డాక్యుమెంట్స్ ఫోల్డరులోకి వెళ్లడంలో ఉంది. అది వన్‌డ్రైవ్‌కు కలిసి ఉంటే తెరుచుకునేటప్పుడు నత్తనడక తప్పదు. అందుకే నేను సేవ్-మాడ్యూల్‌తో వాటిని లోకల్ ఫోల్డరులో దించుకుని, కాన్ఫిగరేషన్‌లో మాడ్యూళ్ల దారిని అటు మళ్లించాను.

ఒక్కో ఫైలు మీదా అదే పనిని వరుసగా చేయించే ఫర్‌ఈచ్-ఆబ్జెక్ట్ కమాండుకు 7లో చేరిన ప్యారలల్ సౌకర్యం గురించి గొప్పగా విన్నాను. ఏమీ చెప్పకపోతే ఒకేసారి ఐదు పనులు నడుపుతుంది. నా ఫైళ్లు చిన్నవి కావడంతో కలిసొచ్చిన సమయం చెప్పుకోదగ్గది కాదు. నెట్‌వర్కు మీద వేచి ఉండే పనులకు అది పనికొస్తుందేమో కానీ, లెక్కల ఫైళ్లు కలపడానికి దాని అవసరం లేదు.

తెలుగు విషయంలో 7 కూడా పూర్తిగా మచ్చలేనిది కాదు. సత్యనారాయణ అనే పేరు పొడవు అడిగితే అది పది అంటుంది. మన కంటికి కనిపించే అక్షరాలు ఆరే. సంకేతాలను లెక్కపెడుతుంది కనుక దాని లెక్క దానికి సరైనదే, కానీ పొడవును నమ్మి నిలువు వరుసలు సర్దితే వంకరలు పోతాయి. అంతకన్నా మాయదారి చిక్కు, మాటల్లో నమూనాలు వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో ఎదురైంది. మాటలోని అక్షరాన్ని సూచించే బ్యాక్‌స్లాష్-డబ్ల్యూ గుర్తు, నేను వాడుతున్న 7.4 వరుసలో, గుడినీ దీర్ఘాన్నీ ఒప్పుకుంటుంది కానీ కొమ్మునూ సున్నానూ ఒప్పుకోదు. యూనికోడ్ పట్టికలో కొమ్ము, సున్నా వేరే వర్గంలో ఉండడమే కారణం. ఫలితంగా సీత నెగ్గింది, రాము ఓడిపోయాడు. పేర్లను సరిచూసే నా స్క్రిప్టు కొమ్మున్న ప్రతివారినీ తప్పుల జాబితాలోకి నెట్టింది. నా స్క్రిప్టు ఎక్కడ తప్పిందో తెలుసుకోవడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. యూనికోడ్‌లోని తెలుగు గుర్తులన్నిటినీ కలిపి పేరుతో పిలిచే ఈజ్‌తెలుగు అనే సూచన డాట్‌నెట్‌లో ఉంది. దాన్ని వాడిన తరువాత ఆ గొడవ తీరింది.

తెర మీద తెలుగు చూడాలనుకుంటే పాత కన్సోల్ కిటికీ నిరాశపరుస్తుంది. ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లేదా ఖాళీ పెట్టెలుగా కనిపించినంత మాత్రాన ఫైలులోనూ అలాగే పడిందని అనుకోకూడదు. నేను తెరను నమ్మడం మానేసి, ఫలితాన్ని ఫైలులోకి రాయించి నోట్‌ప్యాడ్‌లో చూసుకుంటాను. విండోస్ టెర్మినల్ ఉన్నవారికి పరిస్థితి కొంత మెరుగు. దానికీ అన్‌జిప్ చేసి వాడుకునే ప్రతి ఉంది.

చేయలేని పనులు కూడా ఉన్నాయి. ఇతర యంత్రాలు మన యంత్రాన్ని చేరేలా రిమోటింగ్ తెరవడానికి అడ్మిన్ తప్పదు. పాత నీలిరంగు ఐఎస్‌ఈ ఎడిటరు 7ను నడపదు. గెట్-డబ్ల్యూఎంఐఆబ్జెక్ట్ వంటి పాత కమాండ్లు ఇందులో లేవు, గెట్-సిమ్‌ఇన్‌స్టెన్స్ అలవాటు చేసుకోవాలి. ఆఫీసులో ఎవరో ఎప్పుడో రాసిన స్క్రిప్టులు వారసత్వంగా వచ్చినవారికి ఈ మార్పు కొన్ని రోజులు తలనొప్పి తెస్తుంది.

ప్రత్యామ్నాయాలను కూడా పరీక్షించాను. పోర్టబుల్ గిట్‌తో వచ్చే బ్యాష్ అనే లినక్స్ తరహా కమాండు కిటికీ అడ్మిన్ అడగదు. గ్రెప్, సెడ్, ఆక్ అనే టెక్స్ట్ కమాండ్లు అలవాటున్నవారికి అది పుట్టింటి లాంటిది. కానీ సీఎస్‌వీలో కొటేషన్ల మధ్య కామా ఉన్న చిరునామాలు వచ్చేసరికి ఆక్‌తో కుస్తీ పట్టవలసి వచ్చింది. వరుసలను వస్తువులుగా చూసే పవర్‌షెల్‌లో ఆ సమస్యే లేదు. విండోస్‌లోనే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ మొదటిసారి పెట్టడానికి అడ్మిన్ కావాలి కనుక ఈ పందెంలో లేదు. స్కూప్ అనే ప్యాకేజీ నిర్వాహకం అన్నిటినీ యూజరు ఫోల్డరులోనే పెట్టి, అప్‌డేట్లు కూడా చూసుకుంటుంది. అయితే దాని ద్వారా ఏవేవి దిగుతాయో ముందే చెప్పలేం కనుక, మా ఐటీ అధికారి ఒక్క ఫైలుకు ఒప్పుకున్నంత సులువుగా దానికి ఒప్పుకోలేదు. ఆయన వాదన నాకు సబబుగానే తోచింది.

ఐదింటికి నాలుగు మార్కులు వేస్తాను. ఆ ఒక్క మార్కు తగ్గించింది నిర్వహణ భారం. ఎంఎస్‌ఐ పెట్టినవారికి మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ద్వారా కొత్త సవరణలు వస్తాయి, జిప్‌కు ఆ భాగ్యం లేదు. కొత్తది వచ్చిందని తెరిచినప్పుడు ఒక వరుస చూపిస్తుంది, అంతే. దించడం, హ్యాష్ చూడడం, ముద్ర తీయడం, విప్పడం అన్నీ మళ్లీ మనవే. నేను ఒక్కో వెర్షన్‌ను దాని సంఖ్య పేరుతో వేరే ఫోల్డరులో విప్పి, నెలసరి పని ఒకసారి దానితో పూర్తయ్యాకే పాత్‌ను అటు మార్చి, పాతదాన్ని తొలగిస్తున్నాను. ప్రోగ్రాము ఫోల్డరులో మనం మార్చిన కాన్ఫిగరేషన్ కొత్త ఫోల్డరులోకి తనంతట తాను రాదు, గుర్తుపెట్టుకుని కాపీ చేసుకోవాలి. నేను ఎంచుకున్న 7.4 దీర్ఘకాలం మద్దతున్న వరుస, 2023 నవంబరులో వచ్చింది, దాని గడువు 2026 నవంబరు. ఆ తేదీని ఐటీ అధికారికి రాసిన మొదటి ఈమెయిల్‌లోనే చేర్చాను. ఆయన దాన్ని తన క్యాలెండరులో పెట్టుకున్నారు, నేనూ పెట్టుకున్నాను.